ఖాలమ్మ కిరాయి అర్రలు

మొన్న ఎండాకాలంలో కోరుట్లలో మా అన్న కొడుకు శ్రీను కొత్తింట్లో పాలు పొంగించాడు. ఇల్లంటే మామూలు ఇల్లు కాదు, మూడంతస్తులు. వయసంతా దుబాయి ఎండలకు ఇచ్చి తెచ్చుకున్న కట్టడం. కింద వాళ్ళుంటారు, పైన పోర్షన్లన్నీ కిరాయికి. సిరిసిల్ల నుంచి నేను బస్సెక్కి పోయేసరికి వ్రతం ముగిసి, సామియానా కింద వడ్డన మొదలైంది. రంగుల వాసన ఇంకా పోలేదు. ఆకలిగా ఉండి నేను పంక్తి వైపు చూస్తుంటే, "తర్వాత తిందువు గని, రా అత్తమ్మా" అని వాడు నా చెయ్యి పట్టుకొని మెట్లెక్కించాడు. నా మోకాళ్ళ సంగతి వాడికి పట్టలేదు. కొత్త ఇల్లు కట్టినవాడికి లోకంలో ఎవరి మోకాళ్ళూ కనిపించవు. తలుపులు చూపించాడు, టైల్సు చూపించాడు, నల్లా తిప్పి నీళ్ళు చూపించాడు. అన్నీ బాగున్నాయన్నాను. నిజంగానే బాగున్నాయి.

పైమెట్టు మీద నిలబడి అప్పుడు అడిగాడు. "అత్తమ్మా, నువ్వు సిరిసిల్లల ఇన్నేండ్ల సంది రెండర్రలు కిరాయికిస్తున్నవ్. ఒక్కనాడు లొల్లి కాలే. ఎవలకు ఇయ్యాలె, ఎవలకు ఇయ్యద్దు, జెర చెప్పు. దోస్తులు తలా ఓటి చెప్తున్నరు. పెండ్లిగాని పోరగాండ్లకు ఇయ్యకంటడొకడు. సాయిబులకు ఇయ్యకంటడు ఇంకొకడు. ముసలోళ్ళున్నోళ్ళకు అసలే ఇయ్యకు, ఇంట్ల పానం పోతే ఆర్నెల్లు తాళమేసుకోవాలె అంటరు."

ఆ చివరిది మన దగ్గర పాత భయమే. చెడ్డ నక్షత్రంలో ప్రాణం పోతే ఆ ఇల్లు నెలల తరబడి విడిచిపెట్టాలంటారు. కిరాయికున్నవాళ్ళ ఇంట్లో ముసలివాళ్ళు ఆఖరి ఘడియల్లో ఉంటే, మంచం బయట వేయండని ఇంటివాళ్ళు మొహమాటం లేకుండా చెప్పడం నేను చూశాను. అయితే నాకు కోపం తెప్పించింది సాయిబుల మాట. వీడి తండ్రీ, నేనూ, మా అమ్మా జగిత్యాలలో సాయిబుల ఇంట్లోనే కిరాయికుండి చదువుకున్నాం. కిరాయిల గురించి నాకు తెలిసిందంతా అక్కడే తెలిసింది, అదీ ఇచ్చేవైపు నుంచి కాదు, ఉండేవైపు నుంచి. మా అన్న రాజలింగం ఈ సంగతి కొడుక్కి ఎన్నడూ చెప్పలేదని అప్పుడే అర్థమైంది. అందుకని ఆ కొత్త మెట్ల మీదే కూలబడి నేను చెప్పాను. కింద నా విస్తట్లో అన్నం చల్లారిపోయింది.

మాది సారంగాపూర్ పక్కన పల్లె. నాన్న సేద్యం విడిచి రాలేడు కనుక, అన్న కాలేజీ కోసం, నా హైస్కూలు కోసం అమ్మ మమ్మల్ని వెంటబెట్టుకొని జగిత్యాలకు వచ్చింది. ఖిల్లాకు పోయే తోవలో ఒక పెద్ద వాకిలి, చుట్టూ గూనపెంకల అర్రలు, నడుమ చేదబావి, ఒక మూల కోళ్ళ గూడు. ఒక పక్క ఇంటామె ఉండే రెండు అర్రలు, మిగతావన్నీ కిరాయివి. ఆ వాకిట్లో అడుగు పెడితే సున్నం, కోళ్ళు, పాన్‌దాన్‌లోని కాచు కలిసిన ఒక వాసన వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా పాన్ డబ్బా ముందు నిలబడితే సగం వాసన దొరుకుతుంది, మిగతా సగం దొరకదు.

ఇంటామెను అందరం ఖాలమ్మ అనేవాళ్ళం. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. సాయిబుల పిల్లలు ఖాలా అని పిలిస్తే, మేము దానికి అమ్మ తగిలించుకున్నాం. అసలు పేరు నాకు చాలాకాలం తెలియదు, తెలుసుకోవాలని తోచలేదు. భర్త సున్నం బట్టీ నడిపి, ఆ ఇల్లొకటి మిగిల్చి పోయాడు. ఒక్కగానొక్క కొడుకు చదువుకొని, నౌకరి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, ఉన్న నౌకరీలన్నీ బయటి నుంచి వచ్చినవాళ్ళకే పోతున్నాయని తిట్టుకుంటూ బొంబాయి వెళ్ళి బట్టల మిల్లులో చేరాడు. ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. ఆ తర్వాత ఆమె చేసిన పనిని దీని పక్కన పెట్టి చూస్తే తప్ప దాని ఎత్తు తెలియదు.

అర్ర కోసం ఎవరైనా వస్తే ఆమె కులం అడిగేది కాదు, జీతం అడిగేది కాదు. "దూపైతుందేమో, నీళ్ళు చేదుకొని తాగుండ్రి" అని బావి చూపించేది. వచ్చినవాళ్ళు గిరక మీద తాడు వేసి, నీళ్ళు తోడుకొని తాగేవాళ్ళు. ఆమె గడపలో కూర్చొని వక్క కత్తిరిస్తూ చూసేది. తాగినాక తాడు చుట్ట చుట్టి గట్టు మీద పెట్టి, చేద బోర్లించినవాళ్ళకు అర్ర దొరికేది. ఎక్కడిదక్కడ వదిలేసినవాళ్ళకు "ఇప్పుడు ఖాళీ లేదు బాబూ" అనేది, ఎదురుగా అర్ర తలుపులు బార్లా తెరిచి కనిపిస్తున్నా సరే. "తనది గాని తాడును జతన జేసేటోడు తనది గాని గోడను గూడ జతన జేస్తడు" అని మా అమ్మతో అనేది. మా అర్ర చూడటానికి వచ్చిననాడు తాడు చుట్టింది అమ్మేనట. మా అన్న నీళ్ళు తాగి మూతి తుడుచుకొని నిలబడ్డాడట. "నీ కొడుకును సూస్తే ఇయ్యకపోదును, నిన్ను సూసి ఇచ్చిన" అని ఖాలమ్మ ఎన్నిసార్లు దెప్పిందో లెక్కలేదు. అన్న మొహం మాడ్చుకునేవాడు.

అర్ర ఇచ్చిందంటే తాళంచెవులు రెండూ చేతిలో పెట్టేసేది. ఒకటి తన దగ్గర ఉంచుకోవాలన్న ఆలోచనే లేదు. ఆ పూట నుంచి ఆ గడప దాటేది కాదు. పని పడితే వాకిట్లో నిలబడి దగ్గేది, మనం బయటికి వస్తే మాట్లాడేది. వానలు తెచ్చే మిరుగు కార్తె రాకముందే, ఎవరూ అడగకముందే, మనిషిని పిలిచి గూనపెంకలు తిప్పించేది. అర్ర వానాకాలంలో ఖాళీ అయితే మాత్రం ఎవరికీ ఇవ్వకముందు ఒక వాన రాత్రి తనే చాప వేసుకొని అందులో పడుకునేది, ఎక్కడ కారుతుందో చూడటానికి. బంధువులకు ఎన్నడూ ఇవ్వలేదు. "సుట్టానికి అన్నం పెట్టు, అర్ర మాత్రం కిరాయికియ్యకు. అటు సుట్టరికం పోతది, ఇటు కిరాయి పోతది" అనేది. మన పంచాంగం మా అమ్మకంటే ఆమెకే బాగా తెలుసు. మూఢం రోజుల్లో, ఆషాఢంలో మనవాళ్ళు ఇల్లు మారరు కదా. ఆ రోజుల్లో అర్రకు ఎవరూ రారు కనుక సున్నం వేయించే పని అప్పుడు పెట్టుకునేది. నమాజు వేళ ఎంత బాగా గుర్తో, మూఢం ఎప్పుడు మొదలై ఎప్పుడు పోతుందో అంత బాగా గుర్తు.

మా ఎదురు అర్రలోకి ఒక ఎండాకాలం ఓవర్సీరు గారి కుటుంబం వచ్చింది. కాలువల సర్వే పని మీద రాజమండ్రి అవతలి నుంచి బదిలీ అయి వచ్చారు. ఆయన, భార్య, ఆయన తల్లి. ఆ తల్లిని మేం మామ్మగారు అనేవాళ్ళం. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది, మాట మాత్రం గట్టిది. ఊరంతా తిరిగినా వాళ్ళకు ఇల్లు దొరకలేదు. ఆంధ్రావాళ్ళని కాదు, ఆ మాట అప్పటికి అంత వినిపించేది కాదు. మంచంలో మనిషి ఉన్నదని. ఆయన మా బావి దగ్గర నీళ్ళు తాగి, తాడు చుట్టి, చేద బోర్లించి, ఖాలమ్మ ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "అమ్మా, మా అమ్మ మంచంలో ఉందండి. ముందే చెప్పేస్తున్నాను. తర్వాత మీరు మాట అనకూడదు." ఖాలమ్మ వక్క కత్తిరించడం ఆపలేదు. "నేను గూడ ముసల్దాన్నే బాబూ. రేపు నాకెవలన్న అర్ర ఇయ్యమంటే ఏడికి పోవాలె? తెచ్చుకో, గాలి తగిలే అర్ర ఇస్త" అన్నది.

మరుసటి ఏడాది తెలంగాణ ఉద్యమం వచ్చింది. ఇప్పుడు అందరికీ గుర్తున్నది రెండోసారిది, నేను చెప్పేది మొదటిది. బడులు మూతపడ్డాయి. కాలేజీ పిల్లలంతా రోడ్ల మీదే. మా అన్న పొద్దున పోతే పొద్దుగూకినాక వచ్చేవాడు, గొంతు బొంగురుపోయి. ఖాలమ్మ ఊరేగింపు మా తోవన పోతుంటే కడవ ఎత్తుకొని బయటికి వచ్చి అందరికీ నీళ్ళు పోసేది, పాన్ బుగ్గన పెట్టుకొని తానూ జై తెలంగాణ అనేది. లాఠీ దెబ్బలు తిన్న పిల్లలను వాకిట్లో కూర్చోబెట్టి వీపులకు నూనె కాచి పూసేది, పూస్తూ పోలీసులను ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి తిట్టేది. కొడుకు గుర్తొచ్చేవాడేమో, ఆ తిట్లలో ఏడుపు కలిసి ఉండేది. ఆమె ఉద్యమానికి పరాయిది కాదు. మా అందరికంటే ఆమెకే కడుపుమంట ఎక్కువ.

అన్నను దోస్తులు ఎత్తిపొడవడం మొదలుపెట్టారు. ఊరంతా లొల్లి చేస్తున్నావు, మీ వాకిట్లోనే ఆంధ్రా ఓవర్సీరు కూర్చున్నాడు కదా అని. ఆయన మంచివాడా చెడ్డవాడా అని ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు. ఆయన అప్పటికే బదిలీకి పెట్టుకున్నాడు, ఆర్డరు రాలేదు. బస్సులు ఒకరోజు నడిస్తే ఒకరోజు లేవు. మంచంలోని మనిషిని వేసుకొని అంత దూరం ఎట్లా పోతాడు? ఖాళీ చేయమంటే మామ్మగారి మంచం రోడ్డు మీద పడుతుంది. అంతే, మరో దారి లేదు. ఇది వాకిట్లో అందరికీ తెలుసు, మా అన్నకు కూడా తెలుసు. అయినా ఒక మధ్యాహ్నం తన జట్టును వెంటబెట్టుకొని వచ్చాడు.

నేను బావి దగ్గర బట్టలు పిండుతున్నాను. ఓవర్సీరు అర్ర తలుపు సగం మూసి ఉంది. లోపల అందరూ వింటున్నారని బయట అందరికీ తెలుసు.

"ఖాలమ్మా, ఆ అర్ర ఖాళీ చేపియ్యాలె" అన్నాడు అన్న, ఆమె మొహం చూడకుండా.

"ఎవలు చెప్పిండ్రు?"

"అందరం అనుకున్నం."

వెనక నుంచి ఒకడు ముందుకొచ్చాడు. "నీ కొడుకు బొంబాయి మిల్లుల చాకిరి జేసి సచ్చుడేంది ఖాలమ్మా, వీళ్ళు ఈడ కుర్చీల కూసునుడేంది? నీకు సిగ్గనిపిస్తలేదా?"

వక్క కత్తెర ఆగింది. ఆ మాట ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కత్తెరను పాన్‌దాన్‌లో పెట్టి మూత వేసింది. "నిజమే బేటా" అన్నది చివరికి. "నా కొడుకు నౌకరి ఎవలో తిన్నరు. గని మంచంల ఉన్న ముసలామె తిన్లే గదా."

వాళ్ళు గొంతు పెంచి, "అవన్నీ మాకు తెల్వదు, ఖాళీ చేపియ్యాలె" అన్నారు.

"చేపిస్త. గని ఇప్పుడు మూఢం" అన్నది ఖాలమ్మ. "మీరు హిందువుల పిలగాండ్లు, మీకెర్క లేదా? మూఢంల ఎవలన్న పొయ్యి కదుపుతరా? ఆ పాపం నా ఇంటికి తగుల్తది, చెప్పినోళ్ళకు గూడ తగుల్తది. మూఢం ఎల్లినంక నేనే ఖాళీ చేపిస్త. జబాన్ ఇస్తున్న."

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బురఖా వేసుకొని బజారుకు పోయే ముసలామె తమకు మూఢం గురించి చెబుతుంటే ఏమనాలో తోచలేదు. "అవునురా, మా అక్క పెండ్లి గూడ గందుకే ఆపిండ్రు" అని ఒకడు మెల్లగా అన్నాడు. ఇక దానిమీద మాట లేదు. వాళ్ళు వెళ్ళిపోయాక నేను పిండిన బట్టనే మళ్ళీ పిండుతున్నానని అమ్మ కేకేసింది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ అమ్మ అన్న మొహం చూడకుండా అన్నది, "మనం గూడ కిరాయోళ్ళమే రా. ఇయ్యాల వాళ్ళు, రేపు మనం." అన్న తల ఎత్తకుండా తిని లేచిపోయాడు.

అంతకుముందు పంచాంగం మొహం చూడని నేను రోజూ దాన్ని తిప్పడం నేర్చుకున్నాను. మూఢం పోకూడదని దేవుడికి మొక్కిన ఆడపిల్ల ఈ దేశంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. కొండగట్టు అంజన్నకు కొబ్బరికాయ మొక్కుకున్నాను. అంజన్న మాత్రం ఏం చేస్తాడు, మూఢం పోయింది.

వాళ్ళు మరిచిపోలేదు. ఈసారి ఎడ్లబండి కూడా తెచ్చి దర్వాజ ముందు ఆపారు. ఖాలమ్మ వాళ్ళ కోసమే ఎదురుచూస్తున్నట్టు లేచి వచ్చింది. "వచ్చిండ్రా? నేను జబాన్ మరువలే. గని నాకు మనుషులు లేరు, ఓవర్సీరు ఒక్కడు మొయ్యలేడు. మీరే కదా ఖాళీ చేయుమన్నది, సామాను మీరే మొయ్యుండ్రి" అన్నది. పిల్లలు హుషారుగా లోపలికి పోయారు. ఓవర్సీరమ్మ కళ్ళు తుడుచుకుంటూ పొయ్యి సామాను సర్ది ఇస్తున్నది. ట్రంకుపెట్టె ఎత్తుకొని ఇద్దరు దర్వాజ వైపు నడిచారు. అప్పుడన్నది ఖాలమ్మ, "ఆడికి గాదు బేటా. ఇటు." చెయ్యి తన అర్రల వైపు చూపిస్తున్నది.

పెట్టె మోస్తున్నవాళ్ళు అట్లాగే నిలబడిపోయారు. "ఇదేంది ఖాలమ్మా?" అన్నాడు అన్న.

"ఏంది అంటే ఏంది? అర్ర ఖాళీ చేపిస్తనన్న, చేపిస్తున్న. ఇగ వాళ్ళు నా కిరాయోళ్ళు గారు, మెహమాన్లు. నా ఇంటికి సుట్టాలొస్తే మిమ్ముల అడగాల్నా? బండి ఎందుకు తెచ్చిండ్రు, నేను చెప్పిన్నా?"

ఇంటికొచ్చిన చుట్టాన్ని పొమ్మనే హక్కు ఎవరికుంటుంది? మా తట్టు ఎంత కోపమున్నవాడైనా ఆ మాట అనలేడు. మా అమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది, నవ్వుతున్నదో ఏడుస్తున్నదో నాకు తెలియలేదు. అయినా ఖాలమ్మ వాళ్ళను అంతటితో వదలలేదు. "మంచం మిగిలింది. నాలుగు కోళ్ళు, నలుగురు పట్టుండ్రి. మెల్లగ, పెద్దమనిషి ఉన్నది."

బతికున్న మనిషిని నలుగురు మోయడం అశుభమని ఒకడు గొణిగాడు. "నవ్వుకుంట మొయ్యి, పల్లకి అయితది" అన్నది ఖాలమ్మ. తల దిక్కున తలాపు కోడు పట్టుకున్నది మా అన్నే. వాకిలి దాటుతుంటే మామ్మగారు పడుకున్నచోటు నుంచి పైకి చూసింది. "ఎవరబ్బాయివి నాయనా?"

"రాజలింగంను, మామ్మగారూ. ఎదురర్ర."

"ఓహో, తెల్లారగట్ల గట్టిగా పాఠం చదివేది నువ్వేనా? నాకు నిద్ర పట్టదు కదా, నీ పాఠమే కాలక్షేపం. ఈ మధ్య వినబడటం లేదేం?"

అన్న చెంపల మీద నీళ్ళు కారడం నేను చూశాను. చేతులు ఖాళీ లేవు, తుడుచుకోలేదు. లోపల మంచం దించాక మామ్మగారు చుట్టూ చూసి, "ఏ ఇల్లమ్మా ఇది?" అని అడిగింది. "మీదే" అన్నది ఖాలమ్మ. మామ్మగారు కాసేపు పైకప్పు చూసి కోడలితో అన్నది, "మడీ గిడీ ఆ గుమ్మం దగ్గరే వదిలేశాను లేవే. నువ్వేం కంగారుపడకు."

నాకు అప్పటికి పదో తరగతి వయసు. ఆ తర్వాత ఎందరో పెద్దవాళ్ళను చూశాను, వేదికల మీద వాళ్ళ మాటలు విన్నాను, చప్పట్లు కొట్టాను. ఆ మధ్యాహ్నం ఆ వాకిట్లో చూసినంత పెద్ద మనిషిని మళ్ళీ చూడలేదు. ఇచ్చిన మాట తప్పలేదు, ఉద్యమాన్ని తప్పుపట్టలేదు, ఎవరినీ కసరలేదు. తన ఇల్లు ఇచ్చేసి, తాను చాప చంకన పెట్టుకొని ఆ ఖాళీ అర్రలోకి పోయింది.

వాళ్ళు నీచు ముట్టరని తన పొయ్యికి సున్నం పూయించి, కొత్త కుండలు తెప్పించింది. కోళ్ళను మా అమ్మకు అప్పగించింది. ముక్క లేనిదే ముద్ద దిగని మనిషి, ఎప్పుడైనా మనసు పీకితే బంధువుల ఇంటికి పోయి తిని, మూతి కడుక్కొని వచ్చేది. కిరాయి పుచ్చుకోలేదు, చుట్టాల దగ్గర ఎవరు పుచ్చుకుంటారంది. సాయంత్రాలు మంచం పక్కన కూర్చొని మామ్మగారి కాళ్ళు ఒత్తేది. ఒకరి తెలుగు ఒకరికి సగమే అర్థమయ్యేది, అయినా గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. ఒకసారి వానలు మొదలైన మర్నాడు ఖాలమ్మ ఆ ఖాళీ అర్రలోంచి మొహం అదోలా పెట్టుకొని వచ్చింది. మూలన రాత్రంతా కారిందట. నేల మీద సత్తు గిన్నె అడుగు గుర్తు గుండ్రంగా పడి ఉందట. వాళ్ళు ఎండాకాలంలో చేరారు కనుక ఆమె ఆ అర్రలో వానకు పడుకొని చూడలేదు. "పోయిన వానకాలం గూడ కారిందా?" అని ఓవర్సీరమ్మను అడిగింది. ఆమె తల వంచుకొని, "కారేదండి. చెబితే ఖాళీ చేయమంటారేమోనని గిన్నె పెట్టుకున్నాం" అన్నది.

ఖాలమ్మ ఏడవడం నేను చూసింది అప్పుడే. "నా ఇంట్ల ఉండుకుంట నాకే భయపడ్డరా బిడ్డా" అని గడపలో కూలబడింది. ఆ తర్వాత ప్రతి వానకూ ఒక్కో గుమ్మం ముందు నిలబడి దగ్గి, "ఏడ కారింది?" అని అడిగేది. కారిందా అని అడిగేది కాదు. "కారిందా అంటే లేదంటరు. ఏడ కారింది అంటెనే చెప్తరు" అన్నది నాతో. సిరిసిల్లలో మా వెనక అర్రల్లో మగ్గాల మీద పనిచేసేవాళ్ళుంటారు. వాన వెలవగానే నేను ఇప్పటికీ అట్లాగే అడుగుతాను. ఒక్కసారి కూడా జవాబు రాకుండా లేదు.

ఆ వానాకాలంలోనే మామ్మగారు పోయింది. ఆఖరి ఘడియ అని తెలిసి ఓవర్సీరు గారు మంచం బయట సాయబాను చూరు కింద వేస్తానని లేచాడు, ఇంటికి మైల కాకూడదని. ఖాలమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "నా మెహమాన్ బయట పానం ఇడుస్తదా? కూసో" అన్నది. మామ్మగారు ఆమె అర్రలోనే, ఆమె చేతి నీళ్ళు తాగే పోయింది. ఆ రోజు బంద్. కాకినాడ నుంచో రాజమండ్రి నుంచో మోయడానికి ఎవరొస్తారు? ఓవర్సీరు గారు వాకిట్లో ఒక్కడే నిలబడి ఉంటే, మా అన్న తలకు తువాలు చుట్టుకొని వచ్చాడు. వాడి వెనక ఆ ముగ్గురు. మంచం మోసినవాళ్ళే. ఎవరూ పిలవలేదు. కొడుకు నిప్పుకుండ పట్టుకొని ముందు నడిచాడు, పాడె వాళ్ళు మోశారు.

తల పెట్టిన చోట దీపం పెట్టి, కర్మ అయ్యేదాకా ఆరకుండా చూడాలి కదా. ఓవర్సీరమ్మ సొమ్మసిల్లి పడి ఉంటే ఆ దీపంలో నూనె పోసింది ఖాలమ్మే. తన అర్రలో, తన నమాజు చాప పరిచే చోటుకు అవతలి మూలన, ఆ పది రోజులూ ఆ దీపాన్ని ఆరనివ్వలేదు. అయ్యగారు నక్షత్రం చూసి, మంచిది కాదు, ఇల్లు విడవాలన్నాడు. ఓవర్సీరు గారు సిగ్గుతో చచ్చిపోయి, "మీ ఇల్లు మూయించే పని పెట్టామమ్మా" అన్నాడు. ఖాలమ్మ నోట్లో పాన్ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకున్నది. "మా తట్టు గట్లేం లేదు బాబూ. మీ అమ్మ తెలివిగల్ల మనిషి, గందుకే నా ఇంట్ల పోయింది. మీవోళ్ళ ఇంట్లయితే తాళం పడుతుండె" అన్నది. అంత దుఃఖంలోనూ ఆయన నవ్వాడు.

బదిలీ ఆర్డరు ఆ తర్వాత వచ్చింది. పోయేనాడు బండిలో సామానంతా ఎక్కించాక ఓవర్సీరు గారు వెనక్కి వచ్చి, బావిలో ఒక చేద నీళ్ళు తోడుకొని తాగాడు. తాడు చుట్ట చుట్టి గట్టు మీద పెట్టాడు. చేద బోర్లించాడు. ఖాలమ్మ గడపలో కూర్చొని చూసింది.

ఆమె పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆ వాకిలి ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణాలున్నాయి. రాష్ట్రమూ వచ్చింది. ఇప్పుడు ఇళ్ళకు కెమెరాలున్నాయి, పలానావాళ్ళకే ఇస్తామని బోర్డులున్నాయి, ప్రతి పోర్షన్‌కూ ఒక దొంగ తాళంచెవి ఇంటివాళ్ళ అల్మారాలో ఉంటుంది. ఇంతా చెప్పి నేను శ్రీనుకు చేతనైన సలహా కూడా చెప్పాను. కాగితం రాసుకో, రాసింది వాళ్ళకొకటి ఇయ్యి. కరెంటు మీటర్లు వేరే పెట్టించు. అడ్వాన్సు ముట్టుకోకు, అది నీది కాదు. తాళంచెవులు రెండూ ఇచ్చెయ్యి. వాళ్ళ అవసరం చూసి కిరాయి పెంచకు. ఎవలకు ఇయ్యద్దంటే మాత్రం నాకు తెలవదు బిడ్డా అన్నాను. "ఇప్పుడు బాయి ఏడుంది అత్తమ్మా, తాడు సూద్దామంటే?" అని నవ్వాడు. "నల్లా ఉంది గద. నీళ్ళు తాగి బంద్ జేస్తడా లేదా సూడు" అన్నాను. కింద నుంచి మా అన్న, చల్లారిన అన్నం ఎవరు తింటారని కేకలేస్తున్నాడు. శ్రీను మెట్లు దిగుతూ తండ్రిని కొత్తగా చూస్తున్నాడు.

వానలు పడ్డాక మొన్న పొద్దున వాడు ఫోన్ చేశాడు. గొంతులో విసుగు ఉంది.

"అత్తమ్మా, బాపుకు ఏం చెప్పినవే? వాన పడంగనే సాప పట్టుకొని పైకి పోతుండు. ఒక్కొక్క రోజు ఒక్కొక్క పోర్షన్‌ల పండుకుంటుండు. ఈ వయసుల ఇదేంది అంటే ఇంటలేడు. మూల గోడకు చెమ్మ అచ్చిందని మేస్త్రీని పిలిపిచ్చిండు."

"మంచిదే గదరా."

"గది గాదే. నిన్న ఓ సారు అచ్చిండు. తల్లి మంచంల ఉన్నదట, పానం ఎప్పుడు పోతదో తెల్వదట. ఎవ్వలు ఇస్తలేరట. బాపు నన్ను అడగకుంటనే ఇస్తనన్నడు. పైకి మంచం ఎక్కదు బాపూ అంటే, మనం పైకి పోదాం, కింద మన అర్రలు వాళ్ళకిద్దాం అంటుండు. కొత్తిల్లు అత్తమ్మా! పొద్దుగూకంగ వాళ్ళు అస్తరట. నేనేం చెయ్యాలె?"

మా అన్న ఆ వాకిలి సంగతి నాతో కూడా ఒక్కసారి మాట్లాడినవాడు కాదు. ఇన్నేళ్ళూ మరిచిపోయాడనుకున్నాను.

"మంచానికి నాలుగు కోళ్ళుంటయ్ రా" అన్నాను. "తలాపు కోడు మీ నాయిన పట్టుకుంటడు. ఇప్పుడాయన చేతుల్ల బలం లేదు. పక్క కోడు నువ్వు పట్టుకో."